తలక్రిందుల బొమ్మను నమ్మిన మనిషి

కెప్లర్ పేరు చెప్పగానే మన విద్యార్థులకు గ్రహాలు గుర్తుకు వస్తాయి. మూడు సూత్రాలు, దీర్ఘవృత్తాలు, సమాన కాలాలలో సమాన వైశాల్యాలు. పరీక్షలో ఒక ప్రశ్న ఖాయం. కాని అదే విద్యార్థి ప్రయోగశాలలో ఆప్టికల్ బెంచి ముందు నిలబడి, ఒక కొసన కొవ్వొత్తి వెలిగించి, నడుమ కటకం నిలబెట్టి, మంట బొమ్మ స్ఫుటంగా పడేదాకా తెల్లని తెరను ముందుకూ వెనక్కూ జరుపుతున్నప్పుడు ఆయన పేరు ఎవరూ ఎత్తరు. నా లెక్కన ఆ బల్లమీది విద్యలో పెద్ద వాటా కెప్లర్‌దే. గ్రహాల కెప్లర్‌ను గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు గనుక, ఈ సంచికలో కటకాల కెప్లర్‌ను గురించి వ్రాయాలనిపించింది.

ముందుగా ఒక ప్రశ్న. కటకాల పాఠం మొదలుపెట్టేటప్పుడు ఏటా నేను దీన్ని తరగతిలో వేస్తాను. కుంభాకార కటకాన్ని కిటికీకి ఎదురుగా పట్టుకొన్నాం. వెనుక గోడమీద కిటికీ బొమ్మ తలక్రిందులుగా పడింది. ఇప్పుడు కటకం పై సగాన్ని నల్లకాగితంతో మూసేస్తే గోడమీది బొమ్మ ఏమవుతుంది? చాలామంది సగం బొమ్మ పోతుందంటారు. పోయేది పై సగమా, క్రింది సగమా అన్నదే వాళ్ల తగాదా. తీరా చేసి చూపిస్తే బొమ్మ నిండుగా ఎప్పటిలాగే ఉంటుంది. వెలుగు మాత్రం తగ్గుతుంది. అప్పుడు తరగతి ఒక్కసారి నిశ్శబ్దమవుతుంది. ఎందుకిలా అన్నదానికి గట్టి సమాధానం 1604లో అచ్చయిన ఒక లాటిన్ పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం వ్రాసినవాడికి చూపు సరిగా ఆనదు.

యోహానెస్ కెప్లర్ 1571 డిసెంబరు 27న, ఇప్పటి జర్మనీలోని వుర్టెంబర్గ్ ప్రాంతంలో, వైల్ డెర్ ష్టాట్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ. తండ్రి కూలికి యుద్ధాలు చేసే సిపాయి, ఇల్లు పట్టని మనిషి. చివరకు ఒకసారి వెళ్లినవాడు మళ్లీ తిరిగి రానేలేదు. తల్లి కాతరీనా పూటకూటి సత్రం నడిపే ఇంటి ఆడపడుచు. ఆకులు, పసరులతో వైద్యం తెలిసిన మనిషి. పసితనంలోనే పిల్లవాడికి మశూచి సోకింది. మన పల్లెల్లో అమ్మవారు పోసిందనేవారే, అదే. ప్రాణం దక్కింది గాని చేతివేళ్లు సరిగా వంగకుండా పోయాయి. కళ్లు జీవితాంతం దెబ్బతిన్నాయి. దూరంగా ఉన్నది మసకగా కనిపించడం ఒక్కటే కాదు, ఒక వస్తువు పది వస్తువులుగా కనిపించేది. ఆకాశంలోకి చూస్తే ఒక్క చంద్రుడికి బదులు చంద్రుల గుంపు! 1577లో వచ్చిన పెద్ద తోకచుక్కను తల్లి అతన్ని మిట్టమీదికి తీసుకువెళ్లి చూపించింది. అప్పటికి ఆరో ఏడు ఇంకా నిండలేదు. ఆ తోకచుక్క ఆ కళ్లకు ఎట్లా కనిపించిందో గాని, ఆకాశం మీద ప్రేమ మాత్రం అక్కడే పట్టుకొంది.

మతాచార్యుడు కావాలని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ మేస్ట్‌లిన్ అనే గురువు దగ్గర కొపర్నికస్ సిద్ధాంతం వంటబట్టింది. మతవిద్య పూర్తికాకుండానే, 1594లో, ఆస్ట్రియాలోని గ్రాజ్ పట్టణానికి లెక్కల ఉపాధ్యాయుడిగా పంపించారు. మొదటి ఏడు తరగతికి వచ్చినవాళ్లు కొద్దిమందే. రెండో ఏడు ఒక్కడూ రాలేదు. (మన లెక్చరర్ మిత్రులు ఇది చదివి ధైర్యం తెచ్చుకోవచ్చు.) యాజమాన్యం వారు మంచివాళ్లు కాబోలు, తప్పు మాస్టారిది కాదు, లెక్కలు అందరికీ పట్టేవి కావని సరిపెట్టుకొని వేరే పాఠాలు అప్పగించారు. 

కటకాల కథ కూడా గ్రాజ్‌లోనే మొదలైందని నేననుకొంటాను. 1600 జూలై 10న సూర్యగ్రహణం పట్టింది. కెప్లర్ అంగడివీధిలో కర్రలతో ఒక సాధనం అమర్చి, సన్నని రంధ్రం గుండా సూర్యబింబాన్ని కాగితం మీదికి పట్టి గ్రహణాన్ని కొలిచాడు. ఈ పద్ధతిలో అప్పటికే ఒక చిక్కు ఉంది. ఆ కాలపు మహా పరిశీలకుడు టైకో బ్రాహి దాన్ని గమనించాడు. గ్రహణం నాడు రంధ్రం గుండా పట్టిన బొమ్మలో చంద్రుడు మామూలుకంటె చిన్నగా కొలతకు వస్తున్నాడు. చంద్రుడు నిజంగా చిక్కిపోతాడా? కెప్లర్ చంద్రుణ్ణి అనుమానించలేదు, బొమ్మను అనుమానించాడు. బొమ్మ అనేది ఎట్లా ఏర్పడుతుందో తెలియకుండా దాన్ని కొలిచి ఏం లాభం?

ఆయన చేసిన ప్రయోగానికి ఖర్చు ఒక దారం. ఒక పుస్తకాన్ని ఎత్తుగా నిలబెట్టాడు. పుస్తకానికీ నేలకూ నడుమ రంధ్రం ఉన్న పలక ఒకటి పెట్టాడు. పుస్తకం మూలకు దారం కట్టి, రంధ్రం గుండా నేలదాకా లాగి, దారాన్ని రంధ్రం అంచు వెంబడి త్రిప్పుతూ నేలమీద గీత గీశాడు. నేలమీద రంధ్రం ఆకారం వచ్చింది. పుస్తకంలో మరో చోటినుంచి దారం కట్టి మళ్లీ గీశాడు. అదే ఆకారం కొంచెం ప్రక్కగా పడింది. ఇట్లా చాలా చోట్లనుంచి గీసేసరికి చిన్నచిన్న రంధ్రపు ఆకారాలన్నీ ఒకదానిమీద ఒకటి పడి, మొత్తం మీద పుస్తకం ఆకారం, తలక్రిందులుగా, తేలింది. దారాన్ని కాంతికిరణం అనుకోండి, రహస్యమంతా బయటపడుతుంది. వస్తువులోని ప్రతి బిందువూ తన వెలుగును అన్ని దిక్కులకూ పంపుతుంది. రంధ్రం పెద్దదైతే ఒక్కొక్క బిందువూ చుక్కగా కాక మచ్చగా పడుతుంది. సూర్యుడి బొమ్మ అంచు అందుకే వెలుపలికి ఉబ్బింది, చంద్రుడు అందుకే చిక్కిపోయాడు.

ప్రతి బిందువునుంచీ అన్ని దిక్కులకూ వెలుగు పోతుందన్న మాట కెప్లర్ కొత్తగా కనిపెట్టినది కాదు. సుమారు ఆరు వందల సంవత్సరాలకు పూర్వం కైరోలో ఉండి వ్రాసిన ఇబ్న్ అల్ హైతమ్ ఆ మాట చెప్పాడు. ఆయన గ్రంథపు లాటిన్ అనువాదం 1572లో, అంటే కెప్లర్ పుట్టిన మరుసటి సంవత్సరమే అచ్చయింది. అయితే వచ్చిన చిక్కేమిటంటే, ఒక బిందువునుంచి వచ్చే కిరణాలు కంటిపాప అంతటా పడతాయి. ఇన్ని కిరణాలు పడితే కంటిలో అంతా కలగాపులగం కావాలి గదా? ఇబ్న్ అల్ హైతమ్, కంటికి నిట్టనిలువుగా తగిలే ఒక్క కిరణమే చూపుకు పనికివస్తుందని, తక్కినవి బలహీనమని చెప్పి గట్టెక్కాడు. అట్లా చెబితే బొమ్మ తలక్రిందులయ్యే బెడద కూడా ఉండదు. కంటిలో ముందుభాగాన ఉండే స్ఫటికంవంటి కటకమే చూసే అవయవమని వైద్యులూ పండితులూ కెప్లర్ నాటిదాకా నమ్ముతూ వచ్చారు.

1600లోనే గ్రాజ్‌నుంచి ప్రొటెస్టెంటులను వెళ్లగొట్టారు. కెప్లర్ సంసారంతో ప్రేగ్ చేరి టైకో దగ్గర పనికి కుదిరాడు. మరుసటి ఏడు అక్టోబరులో టైకో మరణించగా, రుడాల్ఫ్ చక్రవర్తి ఆస్థాన గణితవేత్త పదవి ఈయనకు వచ్చింది. పదవి పెద్దది, జీతం మాత్రం కాగితం మీదనే ఎక్కువగా ఉండేది. టైకో వదలివెళ్లిన అంగారక గ్రహపు లెక్కలతో తలమునకలుగా ఉంటూనే, ఆ లెక్కలకు మూలమైన చూపును గురించి తేల్చుకోవాలని 1604లో కాంతిశాస్త్ర గ్రంథం వెలువరించాడు. విటెలో అనే పూర్వపు పండితుడి గ్రంథానికి అనుబంధం అని దానికి వినయంగా పేరు పెట్టాడు. అనుబంధం గాదు, కొత్త పునాది.

అందులో ఆయన కంటిని ఒక సాధనంగా చూశాడు. బేసెల్ నగరపు వైద్యుడు ఫెలిక్స్ ప్లాటర్, చూసే పని కంటి వెనుక పొరదని, ముందున్న స్ఫటికం ఒక అద్దం మాత్రమేనని అప్పటికే వ్రాసి ఉన్నాడు. కెప్లర్ ఆ మాట పట్టుకొన్నాడు. గుండ్రని గాజు బుడ్డిలో నీళ్లు నింపి దానికి ముందు వెలుగు, వెనుక కాగితం పెట్టి చూశాడు. బుడ్డి మొత్తానికి వెలుగు తగలనిస్తే బొమ్మ చెదరుతుంది. ముందు చిన్న రంధ్రమున్న అడ్డు పెడితే బొమ్మ తేటపడుతుంది. కంటికి కంటిపాప ఎందుకుందో తెలిసింది. ఒక బిందువునుంచి వచ్చి కటకం నిండా పడిన కిరణాలన్నీ, ఏ ఒక్కటీ వృథా కాకుండా, కటకంలో వంగి, వెనుక పొరమీద తిరిగి ఒకే బిందువు దగ్గర కలుస్తాయి. పై బిందువునుంచి వచ్చినవి క్రింద, కుడినుంచి వచ్చినవి ఎడమన. కలగాపులగం లేదు. కాని బొమ్మ తలక్రిందులు.

ఇక్కడే నాకు కెప్లర్ మీద గౌరవం హెచ్చుతుంది. మనందరి కళ్లలో లోకం తలక్రిందులుగా పడుతున్నదంటే ఎవరు ఒప్పుకొంటారు? ఆయనే మొదట ఒప్పుకోలేదు. కిరణాలు కంటిలోపల ఇంకొకసారి అడ్డదిడ్డమై బొమ్మ నిటారవుతుందేమోనని చాలాకాలం కుస్తీపట్టాడు. లెక్క ఒప్పుకోలేదు. ఇక బొమ్మను నిలబెట్టే ప్రయత్నం మానుకొని, పొరమీద పడేది తలక్రిందుల బొమ్మేనని, దాన్ని మనసు ఎట్లా గ్రహిస్తుందో చెప్పడం తన శాస్త్రం పని కాదని వ్రాసేశాడు. తన శాస్త్రం ఎక్కడ ఆగాలో తెలిసినవాడు అంటే అట్లా ఉండాలి. తరువాత 1625లో క్రిస్టఫ్ షైనర్ రోమునగరంలో కంటి వెనుకభాగాన్ని కోసి తెరచి చూస్తే, వెనుక పొరమీద తలక్రిందుల బొమ్మ కంటికి కనిపించింది.

ఇప్పుడు కటకాల సంగతి. రెండింటి తేడా వేళ్లతో తడిమితేనే తెలుస్తుంది. నడుమ లావుగా అంచులు సన్నగా ఉంటే కుంభాకారం; నడుమ పలుచగా అంచులు మందంగా ఉంటే పుటాకారం. కుంభం అంటే కుండ, పుటం అంటే దొప్ప; మనవాళ్లు పెట్టిన పేర్లలోనే బొమ్మ ఉంది. లాటినులో లెన్సు అంటే మసూరు గింజ. కుంభాకారం కిరణాలను దగ్గరికి చేరుస్తుంది, పుటాకారం విడదీస్తుంది. ఈ ఒక్క వాక్యంలోంచి తక్కినదంతా వస్తుంది.

10 సెంటీమీటర్ల నాభ్యంతరం ఉన్న కుంభాకార కటకం తీసుకోండి. ఎక్కడో దూరాన ఉన్న కొబ్బరిచెట్టు బొమ్మ కటకానికి 10 సెంటీమీటర్ల దగ్గర, నాభిలో, బుల్లిగా తలక్రిందులుగా పడుతుంది. కొవ్వొత్తిని 30 సెంటీమీటర్ల దూరంలో పెడితే బొమ్మ 15 దగ్గర సగం పరిమాణంలో పడుతుంది. 20 దగ్గర పెడితే బొమ్మా 20 దగ్గరే, అంతే పరిమాణంలో. 15 దగ్గర పెడితే 30 దగ్గర రెట్టింపుగా. వస్తువు దగ్గరవుతున్నకొద్దీ బొమ్మ దూరంగా జరుగుతూ పెరుగుతుంది. సరిగ్గా 10 దగ్గరకు తెస్తే కిరణాలు సమాంతరంగా పోతాయి. గదిలో ఎక్కడా బొమ్మ పడదు. ఇంకా లోపలికి, 5 సెంటీమీటర్ల దగ్గరకు తెస్తే కిరణాలు కలవనే కలవవు. తెరమీద ఏమీ ఉండదు. కాని కటకం గుండా చూసే కన్ను, ఆ కిరణాలు వెనుక 10 సెంటీమీటర్ల దగ్గరనుంచి బయలుదేరాయని భ్రమపడి, అక్కడ రెట్టింపు పెద్దదైన నిటారు మంటను చూస్తుంది. అది మిథ్యా ప్రతిబింబం. గడియారాల రిపేరు చేసేవాడు కంటికి బిగించుకొనే అద్దం చేసే పని ఇదే. 

పుటాకార కటకానికి ఇన్ని వేషాలు లేవు. వస్తువును ఎక్కడ పెట్టినా అది ఇచ్చేది ఒకటే: నిటారుగా, చిన్నగా, కటకానికీ నాభికీ నడుమ, మిథ్యా ప్రతిబింబం. తెరమీద పట్టడం సాధ్యం కాదు. 10 సెంటీమీటర్ల పుటాకార కటకానికి 10 దగ్గర కొవ్వొత్తి పెడితే 5 దగ్గర సగం మంట కనిపిస్తుంది. విద్యార్థులు దీన్ని చిన్నచూపు చూస్తారు గాని హ్రస్వదృష్టి ఉన్నవాడిని అడగండి దాని విలువ.

కళ్లజోళ్లు ఇటలీలో పదమూడో శతాబ్దం చివరినుంచి ఉన్నాయి. చత్వారం వచ్చినవాళ్లకు కుంభాకారం, దూరం ఆననివాళ్లకు పుటాకారం అని అంగట్లో అమ్మేవాళ్లకు తెలుసు. ఎందుకో ఏ పండితుడికీ తెలియదు. డైట్రిచ్‌స్టైన్ అనే ప్రభువు ఆ ప్రశ్న వేసి కెప్లర్‌ను మూడేళ్లు నిద్రపోనివ్వలేదు. కుంభాకారం పెద్దది చేసి చూపిస్తుంది గనుక ముసలివాళ్లకు బాగుంటుందని సులభంగా చెప్పి తప్పించుకోవచ్చు. మరి పుటాకారం చిన్నది చేస్తుందే, అది కుర్రవాడికి ఎందుకు స్పష్టంగా ఉంటుంది? పెద్దా చిన్నా కాదు విషయం, కిరణాలు కలిసే చోటు అని కెప్లర్ తేల్చాడు. హ్రస్వదృష్టిలో దూరపు వస్తువు కిరణాలు వెనుక పొరకు ముందే కలిసి మళ్లీ విడిపోతాయి. పుటాకారం వాటిని కాస్త విప్పి కలయికను పొరదాకా నెడుతుంది. చత్వారంలో దగ్గరి వస్తువు కిరణాలు పొర చేరేసరికి ఇంకా కలవవు. కుంభాకారం వాటిని ముందే కొంత చేరుస్తుంది. మూడు వందల ఏళ్లుగా ముక్కులమీద స్వారీ చేసిన అద్దాలకు అర్థం దొరికింది. చెప్పినవాడు తానే దూరం ఆనని మనిషి.

1608 అక్టోబరులో హాలెండు దేశంలో లిపర్‌హే అనే కళ్లజోళ్ల పనివాడు రెండు కటకాలు అమర్చిన గొట్టానికి హక్కు కోరాడు. మరుసటి ఏడు ఇటలీలో గెలీలియో దానికి మెరుగులు దిద్ది ఆకాశం వైపు త్రిప్పాడు. 1610 మార్చిలో గురుగ్రహం చుట్టూ నాలుగు కొత్త గోళాలు కనిపించాయన్న వార్త ప్రేగ్ చేరింది. వాకెన్‌ఫెల్స్ అనే మిత్రుడు కెప్లర్ ఇంటి ముందు బండి ఆపి, దిగకుండానే ఆ కబురు కేక వేసి చెప్పాడు. ఇద్దరూ పసివాళ్లలా సంబరపడిపోయారు. పండితులలో చాలామంది గెలీలియోను వెక్కిరిస్తున్న రోజులవి. గొట్టంలో కనిపించేది అద్దాల మాయ అన్నారు. కెప్లర్ దగ్గర గొట్టం లేదు. ఒక్కసారి చూడలేదు. అయినా చక్రవర్తి ఆస్థాన గణితవేత్త హోదాలో, తన పేరుతో, గెలీలియో చెప్పినది నమ్మదగినదని బహిరంగలేఖ అచ్చువేయించాడు. పొరపాటైతే పరువు గంగలో కలిసేదే. కాని కటకాలు ఏం చేయగలవో ఆయనకు లెక్క తెలుసు.

గెలీలియో ఆ లేఖను తన పక్షానికి బాగానే వాడుకొన్నాడు. దూరదర్శినులు చేయించి రాజులకు, ప్రభువులకు పంపించాడు. కెప్లర్‌కు మాత్రం ఒక్కటి పంపలేదు. గెలీలియో అంటే నాకు అభిమానం తక్కువేమీ కాదు. అయినా ఈ ఒక్క విషయంలో ఆయనను మన్నించడం కష్టం. చివరకు కొలోన్ సంస్థానాధిపతి ఎర్నెస్ట్ ప్రేగ్ వచ్చినప్పుడు, గెలీలియో తనకు పంపిన దూరదర్శినిని కెప్లర్‌కు కొద్దిరోజులు ఎరువిచ్చాడు. ఆగస్టు 30 నుంచి సెప్టెంబరు 9 దాకా గురుగ్రహాన్ని చూశాడు. ఒకరు గీసింది ఒకరికి చూపించకుండా, చూసినవాళ్లందరి చేతా విడివిడిగా సుద్దతో గీయించి తరువాత సరిపోల్చాడు. ఒకటి పదిగా కనిపించే కళ్లున్నవాడు తన కళ్లనొక్కటే సాక్ష్యం పెట్టడు గదా! ఆ నాలుగింటికి ఉపగ్రహాలన్న అర్థంలో సాటిలైటు అనే మాట వాడినవాడు ఆయనే.

ఆ ఆగస్టు సెప్టెంబరు నెలల్లోనే, కొద్ది వారాలలో, డయాప్ట్రిస్ అనే గ్రంథం వ్రాసి ముగించాడు. 1611లో ఆగ్స్‌బర్గ్‌లో అచ్చయింది, ఎర్నెస్ట్‌కు అంకితం. నిర్వచనాలు, ప్రతిపాదనలు అన్నీ కలిపి 141. నేటి కటక పాఠం అస్థిపంజరం అంతా అందులో ఉంది. వక్రీభవనానికి సరైన సూత్రం ఆయనకు దొరకలేదు. అది 1621లో స్నెల్‌కు దొరికి, 1637లో డెకార్ట్ గ్రంథంలో లోకానికి తెలిసింది. కెప్లర్ ఏం చేశాడంటే, ముప్ఫై డిగ్రీలదాకా గాజులో కిరణం తన పతన కోణంలో మూడోవంతు వంగుతుందన్న ఉజ్జాయింపుతో పని జరిపించాడు. ఆ ఉజ్జాయింపుతోనే, రెండు వైపులా సమానంగా ఉబ్బిన గాజు కటకం నాభి దాని వక్రతావ్యాసార్థమంత దూరంలోనూ, ఒక వైపు చదునుగా ఉన్నదాని నాభి వ్యాసమంత దూరంలోనూ ఉంటుందని చూపించాడు. వక్రీభవన గుణకం 1.5 అని పెట్టుకొని మన సూత్రంతో లెక్క చేసి చూడండి, అవే వస్తాయి. గాజులోంచి బయటికి రావలసిన కిరణం సుమారు 42 డిగ్రీలు దాటితే బయటికి రాకుండా లోపలికే తిరిగిపోతుందని కూడా గుర్తించాడు.

అన్నిటికంటె గొప్పది ఎనభయ్యారో అంశం. గెలీలియో గొట్టంలో ముందు కుంభాకారం, కంటి దగ్గర పుటాకారం. ముందు కటకం చేర్చే కిరణాలు బొమ్మగా కలిసేలోపే పుటాకారం వాటిని అడ్డగించి విప్పి కంటికి పంపుతుంది. బొమ్మ నిటారుగా ఉంటుంది. కాని తాళపుచెవి రంధ్రంలోంచి చూసినట్లు ఆకాశంలో కొంచెమే కనిపిస్తుంది. కెప్లర్ రెండూ కుంభాకారాలే పెట్టమన్నాడు. ముందు కటకం కిరణాలను కలవనివ్వండి. గొట్టం మధ్యలో తలక్రిందుల నిజ ప్రతిబింబం ఏర్పడనివ్వండి. రెండో కటకం దాన్ని గడియారాల పనివాడి అద్దంలా పెద్దది చేసి చూపిస్తుంది. చూసేవాడికి లోకం తలక్రిందులు. నిటారుగా కావాలంటే మూడో కుంభాకారం చేర్చుకోమని దారి కూడా చెప్పాడు. కాని నక్షత్రాలకు తలేది, కాళ్లేవి? చూపుకు అందే మేర పెరుగుతుంది. పైగా మధ్యలో బొమ్మ నిజంగా ఉన్నది గనుక దాని మీద దారం అడ్డంగా కట్టి కొలతలు తీయవచ్చు. ఇంగ్లండులో విలియం గాస్కాయిన్ 1640 ప్రాంతంలో ఆ పనే చేశాడు. హైదరాబాదు బేగంపేటలో నిజామియా వేధశాలకు ఉండిన 15 అంగుళాల గ్రబ్ దూరదర్శిని కూడా ఈ జాతిదే.

పాపం, ఆ గొట్టం కెప్లర్ చేతులమీద తయారు కాలేదు. కటకాలు అరగదీయడానికి ఆ వేళ్లు పనికిరావు. పుస్తకం అచ్చయిన 1611 ఆయనకు చెడ్డ సంవత్సరం. ఫిబ్రవరిలో ముగ్గురు పిల్లలకూ మశూచి వచ్చింది. ఆరేళ్ల ఫ్రెడరిక్ దక్కలేదు. తండ్రి కళ్లు తీసిన జబ్బే కొడుకు ప్రాణం తీసింది. మేలో చక్రవర్తి సింహాసనం వదులుకోవలసివచ్చింది. జూలైలో భార్య బార్బరా పోయింది. మరుసటి ఏడు మిగిలిన పిల్లలతో లింజ్ పట్టణానికి, చిన్న ఉద్యోగానికి, చేరాడు. అక్కడే 1613లో సుసన్నాను పెళ్లాడాడు.

1620లో ఆంగ్ల రాయబారి హెన్రీ వాటన్ లింజ్‌లో ఆయనను చూడబోయాడు. కెప్లర్ పొలంలో ఒక చిన్న నల్లని గుడారం వేసుకొని ఉపయోగించేవాడు. ఒక్క మనిషి పట్టేంత గుడారం, గాలిమరలా ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. లోపల చీకటి. ఒక చిన్న రంధ్రంలో గొట్టం, గొట్టానికి కుంభాకార కటకం. చెట్లూ ఇళ్లూ పొలాలూ కాగితం మీద పడుతుంటే కలంతో వాటి మీదుగా గీసుకుంటూపోవడమే. గుడారాన్ని కొంచెం త్రిప్పడం, మళ్లీ గీయడం. అట్లా చుట్టూరా ఉన్న దృశ్యమంతా కాగితానికెక్కేది. కన్నంటే ఏమిటని 1604లో వ్రాశాడో, ఆ కన్నులోపల తానే కూర్చున్నాడన్నమాట. 

అదే ఏడు ఆగస్టులో తల్లిని మంత్రగత్తె అని ఖైదు చేశారు. ఊళ్లో ఒకామె అయిదేళ్ల క్రితమే ఆ నిందమోపింది. మందులిచ్చే ముసలిది, నోరు కాస్త దురుసు, అంతకంటె ఏం కావాలి? డెబ్బైయేళ్లు దాటిన ఆమె పద్నాలుగు నెలలు గొలుసులతో ఉంది. కెప్లర్ లింజ్ వదలి, గ్రహాల లెక్కలు ప్రక్కన పెట్టి, వుర్టెంబర్గ్ వెళ్లి, సాక్షుల మాటలలో ఏది కళ్లారా చూసినది, ఏది ఊహించుకొన్నది అని విడదీస్తూ వాదం నడిపించాడు. 1621 అక్టోబరులో ఆమె విడుదలైంది. ఆరు నెలలకే మరణించింది.

1627లో రుడాల్ఫ్ చక్రవర్తి పేరిట గ్రహస్థితి పట్టికలు ప్రచురించి టైకో ఋణం తీర్చుకొన్నాడు. తనకు రావలసిన జీతపు బాకీలు మాత్రం ఎవరూ తీర్చలేదు. వాటిని రాబట్టుకొందామని 1630 చలికాలంలో గుర్రమెక్కి రీగెన్స్‌బర్గ్ వెళ్లాడు. అక్కడ జ్వరం తగిలి నవంబరు 15న మరణించాడు. ఊరి వెలుపల పాతిపెట్టారు. కొన్నాళ్లకే యుద్ధంలో ఆ శ్మశానం నేలమట్టమై సమాధి గుర్తుకూడా మిగలలేదు.

అదే సంవత్సరం ఇటలీలో షైనర్ తన సూర్యబింబాల మహాగ్రంథం ముగించాడు. కెప్లర్ కాగితం మీద వదిలేసిన గొట్టాన్ని, రెండు కుంభాకార కటకాలతో, చేయించినవాడు ఆయనే. కన్ను పెట్టి చూస్తే ఆ గొట్టంలో సూర్యుడు తలక్రిందులు. కన్ను తీసేసి, కంటి కటకాన్ని కాస్త వెనక్కి జరిపి, సూర్యుణ్ణి కాగితం మీదికి దింపితే రెండో కటకం బొమ్మను మరోసారి తిప్పుతుంది. సూర్యుడు తన మచ్చలతో సహా నిటారుగా పడతాడు.